వాలు మీద నీలి తూనీగ

సోమవారం

ప్రియమైన అన్నయ్యకి,

నీ మాట ప్రకారం అయిదు తూనీగలు పంపుతున్నాను. నువ్వు నేర్పినట్టే కాగితాన్ని మూడు మూలల పొట్లంగా మడిచి, నాలుగు రెక్కలూ వీపు మీద కలిపి ఒద్దికగా పెట్టాను. మ్యూజియం పురుగుల గదిలో ఇరవై ఏళ్ళుగా గుండుసూదులు గుచ్చుతున్న నీకు నా చేతిపని ఆనుతుందో లేదో! ఈ జలాశయం చుట్టుపక్కల తూనీగల జాబితా తయారు చెయ్యాలి, కొన్ని పట్టి పంపమని తేలిగ్గా రాసేశావు. పసిపిల్లల బడి టీచరు దోమతెర ముక్క కర్రకు కట్టుకుని గడ్డిలో గెంతుతుంటే క్వార్టర్సు మొత్తం కిటికీల్లో నిలబడి చూసింది. మా అత్తయ్య "కోడలా, వండుకుంటారా వాటిని?" అని అడిగింది. "కాదత్తయ్యా, అన్నయ్య లెక్కపెడతాడు" అన్నాను. ఆవిడ చెవుడు సంగతి నీకు తెలుసుగా. "ఉప్పు పెడతాడా, పెట్టనీ" అని లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగు తూనీగలు నీటి ఒడ్డున పట్టినవి. అయిదోది, ఆ నీలిది, మా బడి వెనకాల దొరికింది. బడి కట్టకు ఆనుకునే ఉంటుందని చెప్పానుగా. నీళ్ళు అటు, మేం ఇటు, మధ్యలో మట్టికట్ట. కట్ట వాలు మా కంచె దగ్గరే మొదలవుతుంది. ఇరవై రెండు మంది పిల్లలు ఆ నీడలోనే ఆడుకుంటారు, అక్కడే నిద్రపోతారు.

ఇక్కడి సంగతులు చెప్పుకోదగ్గవేం లేవు. వానలు మొదలై నెల దాటినా జలాశయం నిండడం లేదని ఇంజనీరు గారు అందరి మీదా చిరచిరలాడుతున్నారు. కాలువ కింద పొలాల వాళ్ళు మాత్రం ఈ ఏడు నీళ్ళకు కొదవ లేదని సంబరపడుతున్నారు. మీ బావే ఎందుకో మునుపటిలా లేరు. తూము గేట్ల పని ఉదయంతో అయిపోవాలా, మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే మళ్ళీ గేటు గదికి వెళ్తున్నారు, సెలవు రోజుల్లో కూడా. చేతుల నిండా గ్రీజుతో వస్తారు. "ఏమిటండీ అంత పని?" అంటే "చక్రానికి నూనె" అంటారు. అంతకు మించి మాట పెగలదు. నాకేమో ఊరికే భయంగా ఉంటోంది. ఎందుకని అడగకు, తెలిస్తే రాయనూ?

వదినను అడిగానని చెప్పు.

నీ కందిరీగ


బుధవారం

ప్రియమైన కందిరీగకి,

చిన్నప్పుడు అందరినీ కుట్టే నోరు కదా అని పెట్టిన పేరు. ఇప్పుడు నిన్ను కూడా ఒక పెట్టెలో సూది గుచ్చి పెట్టాలనిపించేంత చక్కగా మడిచావు పొట్లాలు. ఒక్క కాలు కూడా విరగలేదు. మా గదిలో పనిచేసేవాళ్ళకు చూపించి, "మా చెల్లెలు చూడండి" అని గొప్పలు పోయాను.

నాలుగింటితో పేచీ లేదు. పసుపువి రెండూ వానకు ముందు గుంపులుగా తిరిగేవి, ఎక్కడైనా కనిపిస్తాయి. గడ్డిరంగు ఒంటి మీద నల్లచారలున్న సన్న నడుముదీ, ఆ నారింజ రంగుదీ నిలవ నీటి దగ్గర మామూలే. అయిదోదే నన్ను నిన్నంతా కుర్చీలోంచి లేవనివ్వలేదు. బూడిద పూసినట్టు నీలం తోక. ఇలాంటివి మా సొరుగుల్లో మూడు రకాలున్నాయి, పైకి చూస్తే ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. ఒకదానికి వెనక రెక్క మొదట్లో పెద్ద నల్లమచ్చ ఉంటుంది, నీదానికి లేదు. ఇంకోదానికి రెక్కలు పూర్తిగా తేట, మొహం తెలుపు. నీదానికి మొహం ముదురు గోధుమ, రెక్క మొదట్లో పలచటి తేనె మరక. భూతద్దం కింద తోక చివరి కొక్కేలు కూడా చూసి తేల్చుకున్నాను. మా పుస్తకాల్లో దీని పేరు ఆర్థెట్రమ్ గ్లాకమ్. మగది.

కానీ ఒక చిక్కుంది. ఇది జలాశయం ఒడ్డున ఉండే రకం కాదు. దీనికి లోతు నీళ్ళు పడవు. కొండవాలులో రాళ్ళ మధ్యనుంచి సన్నగా ఊరుతుంటుందే, ఆ ఊట కావాలి. బురదలో వేలెడు లోతున నెమ్మదిగా కదిలే నీళ్ళయితే చాలు, అక్కడే గుడ్లు పెడుతుంది. మీ బడి వెనకాల కొండవాగు ఏదైనా ఉందా? నువ్వెప్పుడూ రాయలేదే. పొట్లం మీద "బడి వెనక" అని రాసి ఊరుకున్నావు. కచ్చితంగా ఎక్కడ, నేల నుంచి ఎంత ఎత్తున, చుట్టూ ఏముంది, ఇవన్నీ రాయి. చోటు తెలియని పురుగు మాకు చచ్చిన పురుగే.

బావ గురించి కంగారుపడకు. మగవాళ్ళకు ఒక వయసులో మౌనం వస్తుంది. మీ వదిన నా గురించీ ఇదే అంటుంది.

మీ అన్నయ్య


శుక్రవారం

ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివి పిల్లలు పడుకున్నాక బడి వెనక్కి వెళ్ళి చూశాను. కొండవాగు లేదు. అసలు ఇటువైపు కొండే లేదు, ఉన్నదల్లా కట్టే. తూనీగను పట్టింది కట్ట వాలు మీదే, నేల నుంచి రెండు నిలువుల ఎత్తున. నీకు అనుమానం తీరాలని మళ్ళీ చూశాను: అలాంటివి ఇప్పుడు మూడున్నాయి. ఒకటి గడ్డిపరక మీద కాపలా కూర్చుంటే, రెండోది వచ్చిందంటే చాలు, తరిమి తరిమి కొడుతోంది. వాటికది సొంత ఇల్లయినట్టే ఉంది.

ఇంకో మాట. వాలంతా గడ్డి పొట్టిగా, పచ్చగానే ఉంది, వానలు కదా. కానీ అవి తిరిగే చోట మాత్రం మోకాలి ఎత్తు పెరిగింది. అడ్డంగా ఒక పట్టీలా, గోడకు రంగు వేసినట్టు. ఇన్నాళ్ళూ రోజూ చూస్తూనే ఉన్నా, "ఇక్కడ గడ్డి బాగా వచ్చిందే" అనుకుని ఊరుకున్నాను.

 నాకు అర్థమవుతున్నది నీకూ అర్థమవుతోందా? కాదని రాయి అన్నయ్యా. ఊరికే ఎగిరి వచ్చి ఉంటుందని రాయి.

నీ చెల్లెలు


శనివారం

ప్రియమైన కందిరీగకి,

కాదని రాద్దామని రెండు కాగితాలు చింపేశాను.

ఒక తూనీగ దారితప్పి రావచ్చు. అది సాక్ష్యం కాదు. మూడు మగవి ఒకే చోట కాపలా కాస్తే మాత్రం అక్కడ నీళ్ళున్నాయని అర్థం. అయినా నా ఒక్కడి భయం మీద నిన్ను భయపెట్టకూడదని, మా మ్యూజియంలో రాళ్ళు, మట్టి విభాగం చూసే పెద్దాయనను అడిగాను. ఎక్కడని చెప్పలేదు. ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి ఇలా అన్నాడు: "మట్టికట్టలన్నీ కాస్తో కూస్తో చెమరుస్తాయి నాయనా, దానికి గాబరా పడక్కర్లేదు. ఆ చెమ్మ తేటగా ఉంటే కట్ట ఊపిరి పీలుస్తోందనుకో. ఎప్పుడు మట్టిరంగు తిరుగుతుందో, అప్పుడు కట్ట లోపల్నుంచి కొట్టుకుపోతోందన్నమాట. ఇక రోజులు కాదు, గంటలు లెక్కపెట్టుకోవాలి."

కాబట్టి రెండు పనులు చెయ్యి. మొదటిది: తూనీగ పిల్ల నీటి బురదలో నెలల తరబడి పెరిగి, చివరికి గడ్డిపరక పట్టుకుని పైకి పాకుతుంది. వీపు చీల్చుకుని తూనీగ బయటికి వచ్చేస్తే ఎండిన గుల్ల పరకకే మిగిలిపోతుంది, వేరుశనగ పొట్టంత, కాళ్ళతో సహా. అవి ఉన్నాయేమో వెతుకు. ఉంటే, ఆ నీళ్ళు ఈ వానలకు వచ్చినవి కావు, నెలల నాటివి. రెండోది: మడమతో నేల నొక్కి, ఊరిన నీటిని గాజు గ్లాసులో పట్టి, గంటసేపు కదపకుండా ఉంచి చూడు.

ఒకటి అడగనా? వాలు మీద రోజూ నడిచి చూడాల్సిన మనిషి ఎవరో ఒకరు ఉండాలి కదా. ఎవరతను? ఏం చూస్తున్నాడు?

జాగ్రత్త. ఒక్కదానివే పైకి ఎక్కకు.

అన్నయ్య


మంగళవారం

ప్రియమైన అన్నయ్యకి,

ఒక్కదాన్నే ఎక్కాను. ఎవరిని తీసుకెళ్ళను?

గుల్లలు ఉన్నాయి. నలభై ఒకటి లెక్కపెట్టి ఆపేశాను. ఆ గడ్డి పట్టీ పొడవునా, ఒకే వరసలో, పరక పరకకీ. ఒకటి చేతిలోకి తీసుకుంటే పొడిగా, బరువే లేదు. వీపు మీద చీలిక. నాకెందుకో ఏడుపొచ్చింది. మడమ నొక్కితే నీళ్ళు వచ్చాయి, వానకు తడిసిన నేలలా కాదు, లోపల్నుంచి ఎవరో తోస్తున్నట్టు, ఐసులా చల్లగా. గ్లాసులో పట్టి బడి కిటికీలో పెట్టాను. పిల్లలు లేచేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. తేటగానే ఉంది. అడుగున ఏమీ లేదు. దేవుడి దయ.

ఇక నువ్వు అడిగిన మనిషి. నీకు చెప్పకుండా దాచినది ఇదే. ఆ మనిషి మీ బావ.

గేట్లతో పాటు వాలు తనిఖీ కూడా ఆయన పనే. నిరుడు మెట్ల మీద పడ్డారని రాశానే, ఆ మోకాలు బాగవలేదు. ఇంజనీరు గారి ముందు పళ్ళు బిగించి నిటారుగా నడుస్తారు, ఇంటికొచ్చి గడప దగ్గరే కూలబడతారు. తెలిస్తే ఉద్యోగంలోంచి తీసేస్తారని భయం. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, అత్తయ్యను తీసుకుని ఎక్కడికి పోతాం? ఏడాదిగా ఆయన వాలు ఎక్కలేదు. రోజూ తనిఖీ పుస్తకంలో మాత్రం "వాలు పొడి" అని రాసి సంతకం పెడుతున్నారు. నాకు తెలుసు. నేనూ ఊరుకున్నాను. ఏమవుతుందిలే, ఇన్నేళ్ళుగా నిలబడ్డ కట్ట, అనుకున్నాను.

ఇప్పుడు నేను నోరు విప్పితే మొదట ఆయన మెడకే చుట్టుకుంటుంది. విప్పకపోతే...

ఇంతలో ఇంకోటి. వచ్చే వారం పెద్ద అధికారి వస్తున్నాడట. ఆయనకు నిండు జలాశయం చూపించాలని ఇంజనీరు గారు ఈ రోజు గేట్లన్నీ మూయించారు. దగ్గరుండి చక్రం బిగింపించారు. మీ బావ మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. మోకాలి నొప్పేమో అనుకున్నాను. ఇక రోజుకు అడుగు చొప్పున నీళ్ళు పెరుగుతాయట.

నేను మళ్ళీ రాసేదాకా ఎవరికీ చెప్పకు. మాట ఇవ్వు.

నీ చెల్లెలు


గురువారం

చెల్లీ,

మాట ఇవ్వలేను.

నీ ఉత్తరం పక్కన పెట్టి ఆ గుల్లల గురించి మళ్ళీ పుస్తకాలు తిరగేశాను, ఎక్కడైనా నేను పొరపడి ఉంటే బాగుండునని. పొరపడలేదు. వానలకు ముందు నుంచే ఆ ఊట ఉంది. అంటే జలాశయం సగం ఖాళీగా ఉన్నప్పుడే కట్ట చెమర్చింది. ఇప్పుడు గేట్లు మూసి దాని మీద ఇంకా బరువు పెడుతున్నారు.

బావ మీద నాకు కోపం లేదని చెప్పను, ఉంది. అయినా ఆయన భయం నాకు అర్థమవుతుంది. ఇరవై ఏళ్ళలో నేనూ చూడకుండానే ఎన్ని చీటీలు రాశానో! నావి తప్పయితే ఒక పురుగు వేరే సొరుగులోకి పోతుంది, అంతే. మీ గోడ పక్కన ఇరవై రెండు మంది పసివాళ్ళు పడుకుంటున్నారే!

ముందు పిల్లల్ని అక్కణ్ణించి కదుపు. ఏదో ఒక వంక చెప్పు. అబద్ధమైనా సరే. తరవాత బావతో మాట్లాడు. గ్లాసు రోజూ చూడు. సోమవారం దాకా ఆగుతాను. ఆ రోజుకి ఇంజనీరుకు చెప్పామని నీ దగ్గర్నుంచి కబురు రాకపోతే పెద్ద ఆఫీసుకు నేనే రాస్తాను. నువ్వు నా మొహం చూడనన్నా సరే.

ఈ ఉత్తరం పాల వ్యాను డ్రైవరు చేతికే ఇస్తున్నాను. నువ్వూ అతని చేతికే ఇవ్వు, సాయంత్రానికి నాకు అందుతుంది.

అన్నయ్య


సోమవారం

అన్నయ్యా,

గబగబా రాస్తున్నాను, అక్షరాలు ఎలా ఉన్నా చదువుకో.

పిల్లల్ని శుక్రవారమే మార్చాను. బడి చూరులో కందిరీగల తుట్టె ఉందని తల్లులందరికీ చెప్పాను. ఒకావిడ "ఏదీ చూపించండి" అంది. "వెళ్ళి చూడండి, కుడితే నన్నడగకండి" అన్నాను. మరి ఎవరూ అడగలేదు. మెరక మీదున్న పెద్దబడి వరండాలో పాఠాలు చెబుతున్నాను.

గ్లాసు శని, ఆదివారాల్లో తేటగానే ఉంది. ఈ ఉదయం పట్టినప్పుడే టీ రంగులో వచ్చింది. గంట తరవాత చూస్తే అడుగున చిటికెన వేలి మందాన మట్టి పేరుకుంది. మెత్తగా, పిండిలా. నొక్కక్కర్లేకుండానే నీళ్ళు కారుతున్నాయి, సన్నటి చప్పుడుతో. తూనీగలు ఒక్కటీ లేవు.

మధ్యాహ్నం ఆయన అన్నానికి కూర్చోగానే కంచం పక్కన గ్లాసు పెట్టాను. "ఇది వాలు మీద నీళ్ళు" అన్నాను. అంతే. నేను తిట్టలేదు, ఏమీ అడగలేదు. ఆయన గ్లాసు చూసి కంచం పక్కకు జరిపేశారు. లేచి, కుంటుకుంటూ గేటు గదికి వెళ్ళిపోయారు. వెనకే పరిగెత్తాను. లోపల గడియ పెట్టుకున్నారు. తలుపు కొట్టినా పలకలేదు. చక్రం మాత్రం కిర్రు కిర్రుమంటోంది. ఏం చేస్తున్నారో తెలియదు. ప్రాణం మీదికి తెచ్చుకుంటారేమోనని భయంగా ఉంది.

ఇంజనీరు గారి దగ్గరికి వెళ్తున్నాను, గ్లాసు తీసుకుని. వ్యాను హారన్ కొడుతోంది. అత్తయ్య ఇంట్లోనే ఉంది, రానంటోంది


ఆదివారం, బస్టాండు

కందిరీగా, అమ్మా,

ఆరు రోజులైంది. నీ ఉత్తరం సగంలో ఆగిపోయింది, కింద నీ పేరు కూడా లేదు. అదే పట్టుకుని తిరుగుతున్నాను.

మీ ఆఫీసు ఫోను కలవడం లేదు. పాల వ్యాను రావడం లేదు. మీ వైపు రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయని బస్సులు ఆపేశారు. ఎక్కడి నీళ్ళు అంటే కండక్టరుకు తెలియదు, టికెట్లిచ్చే మనిషికి తెలియదు. మూడు రోజులుగా ఈ బెంచీ మీదే ఉన్నాను. మీ వదిన మధ్యాహ్నం అన్నం తెచ్చి, కాసేపు పక్కన కూర్చుని వెళ్తోంది. రిపేరు పనివాళ్ళ లారీ ఒకటి అటు వెళ్తోందంటే ఈ కాగితం డ్రైవరు చేతిలో పెడుతున్నాను. నన్నూ ఎక్కించుకోమన్నాను, ఒప్పుకోలేదు.

ఒక సంగతి ఇప్పుడే చెప్పెయ్యాలి. నీ ఉత్తరం అందిన గంటలోనే పెద్ద ఆఫీసుకు రాశాను, మనిషిని పెట్టి పంపించాను. తూనీగ గురించి, గుల్లల గురించి, గ్లాసు గురించి, అన్నీ. బావ పేరు రాయలేదు. కానీ తనిఖీ పుస్తకంలో సంతకం ఎవరిదో వాళ్ళు వెతుక్కోలేరా? నీ కాపురం నా చేత్తో కూల్చానేమో. కూలిస్తే కూల్చాను, నువ్వు బతికి ఉండి నన్ను తిట్టు. తల్లీ, ఒక్క ముక్క రాయి. "ఉన్నాను" అని రాస్తే చాలు.

అన్నయ్య


మంగళవారం, పెద్దబడి వరండా

ప్రియమైన అన్నయ్యకి,

ఉన్నాను. అందరం ఉన్నాం. అత్తయ్య కూడా. ఎవరికీ ఏమీ కాలేదు. ముందు ఇది వదినకు చదివి వినిపించి, ఆ తరవాత మిగతాది చదువుకో.

ఆ సోమవారం నేను ఆఫీసుకు వెళ్ళేసరికి ఇంజనీరు గారే గేటు గది వైపు పరిగెత్తుతున్నారు. కాలువలో నీళ్ళు ఒడ్లు దాటి రోడ్డెక్కుతున్నాయని ఎవరో చెప్పారట. నేనూ వెనకే వెళ్ళాను. గది తలుపు మీద దబదబా బాదుతూ, "పిచ్చి పట్టిందా నీకు? మూసెయ్ గేట్లు!" అని అరుస్తున్నారు. లోపల్నుంచి మీ బావ గొంతు: "మూయను సార్. తలుపు బద్దలు కొట్టుకోండి. ఈలోగా ఇంకో గేటు ఎత్తేస్తాను."

నేను గ్లాసు ఇంజనీరు గారి మొహానికి ఎదురుగా పెట్టాను. "సార్, ఇది వాలు మీద పట్టాను. నాతో రండి." నన్ను తోసేస్తారనుకున్నాను. గ్లాసు అందుకుని వెలుతురుకి ఎత్తి చూశారు.  నా వెంట వచ్చారు. ఆ గడ్డి పట్టీ దగ్గర కాలు పెట్టగానే బూటు చీలమండ దాకా దిగిపోయింది. బూటు అక్కడే వదిలేసి, ఒంటికాలి బూటుతో పరిగెత్తుకెళ్ళి సైరను ఆయనే వేశారు.

నలభై కుటుంబాలు. చేతికందినది పట్టుకుని మెరక మీదికి ఎక్కాం. మా అత్తయ్య సైరను విని, "ఎవరింట్లోనో కుక్కరు కూస్తోంది, కట్టెయ్యమను" అంటూ మంచం దిగనంది. కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు నలుగురు. దారి పొడవునా వాళ్ళను తిడుతూనే ఉంది.

తరవాతి నాలుగు రోజులూ ఎలా గడిచాయో నన్ను అడగకు. అందరం వరండా అంచున నిలబడి కట్టనే చూస్తూ ఉండేవాళ్ళం. ఎవరికి దగ్గు వచ్చినా ఉలిక్కిపడేవాళ్ళం. ఒక తల్లి మాత్రం, "కందిరీగల తుట్టె అన్నావు కదమ్మా" అని నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. శుక్రవారం మధ్యాహ్నం, బియ్యం బస్తాను సిమెంటు గచ్చు మీద ఈడ్చినట్టు చప్పుడైంది. అంతే చప్పుడు. వాలు ముక్క ముక్కగా జారి, మా బడి మీద కూర్చుంది. బడి కనిపించలేదు. దాని వెంట నీళ్ళు వచ్చాయి, గోడలా కాదు, మోకాలి లోతున, గోధుమ రంగులో. క్వార్టర్సులోకి వెళ్ళి, మంచాలను తేల్చి, వెళ్ళిపోయాయి. గేట్లు తెరిచే ఉంచడంతో జలాశయం అప్పటికే బాగా దిగి ఉంది కాబట్టి అంతటితో ఆగింది.

ఇక్కడి నుంచి నేను ఊహించని సంగతి. ఇంజనీరు గారు కొలబద్దా లెక్కలూ చూసి, "నాలుగు రోజుల్లో ఇంత దిగదమ్మా. వానలు మొదలైనప్పటి నుంచీ ఎవరో నీళ్ళు వదులుతూనే ఉన్నారు. లేకపోతే ఈ పాటికి జలాశయం నిండి పొర్లేది. నిండి ఉంటే, ఈ మెరక కూడా మిగిలేది కాదు" అన్నారు. మీ బావ నిలబడి, "నేనే సార్" అన్నారు.

ఆయన వానలకు ముందే ఒక రోజు వాలు ఎక్కారట, పాక్కుంటూ. తడి నేల చూశారు. చెబుదామంటే అంతకు ముందు ఎనిమిది నెలల పుస్తకం నిండా తన చేత్తో రాసిన "పొడి" ఉంది. చెప్పలేక, రోజూ మధ్యాహ్నం వెళ్ళి గేటు చక్రం రెండు చుట్లు తిప్పి వచ్చేవారట. నూనె అంటే అదన్నమాట. దగ్గరుండి మూయించిన ఆ వారం మాత్రం గది తాళం ఇంజనీరు గారు తన దగ్గరే పెట్టుకున్నారు. సోమవారమే మీ బావ చేతికి తిరిగి వచ్చింది.

పెద్ద అధికారి నీ ఉత్తరం చేత్తో పట్టుకుని ఆదివారం దిగాడు. "ఎవరండీ ఈ తూనీగల మనిషి?" అన్నాడు. నేను చెయ్యెత్తాను, మా అన్నయ్య అని. తరవాత, "ఈ సంతకం ఎవరిది?" అన్నాడు. మీ బావ నా కంటే ముందే లేచి నిలబడ్డారు. కాబట్టి నువ్వు కూల్చిందేమీ లేదు, ఆ భయం వదిలెయ్. ఉద్యోగం పోయింది. దానితో క్వార్టరూ పోయింది. వచ్చే నెల విచారణ, జైలు దాకా వెళ్ళవచ్చని కొందరు, వెళ్ళదని కొందరు అంటున్నారు. ఇంజనీరు గారిని కూడా వేరే చోటికి పంపేశారు. వెళ్ళేటప్పుడు మీ బావ భుజం తట్టి వెళ్ళారు.

ఇక్కడ అందరూ ఆయన్ను దేవుడంటున్నారు. ఆ తల్లులు తమ పిల్లల్ని తెచ్చి ఆయన ఒళ్ళో కూర్చోబెడుతున్నారు. ఆయన తల ఎత్తడం లేదు. ఎందుకో నాకు తెలుసు. నిన్న అడిగేశాను: "నేల తడిసిందని తెలిసీ, ఆ పిల్లలతో రోజూ నన్ను ఆ గోడ పక్కన ఎలా కూర్చోనిచ్చారండీ?"

"రోజూ చెబుదామనే గడప దిగేవాణ్ణి" అన్నారు.

"మరి?"

"నువ్వు నన్ను ఎలా చూస్తావో అని."

  ఆయన నీళ్ళు వదలకపోతే మేం లేం. ఆయన నోరు విప్పి ఉంటే ఇదంతా లేదు. ఈ రెండూ ఒకే మనిషివి. వాటిని కలిపి ఎలా పట్టుకోవాలో నాకింకా చేతకావడం లేదు అన్నయ్యా.

రోడ్డు బాగయింది. శనివారం బస్సుకు ముగ్గురం నీ ఇంటికి వస్తున్నాం. వదినను హైరానా పడవద్దని చెప్పు. అత్తయ్య దగ్గర గట్టిగా మాట్లాడండి, లేకపోతే మీ పిల్లల పేర్లు కూడా మార్చేస్తుంది. నువ్వు బస్టాండుకు రా. దిగగానే ఆయన్ను ఏమీ అడగకు. ముందు కాస్త టీ ఇప్పించు, రోడ్డు గురించో వాన గురించో మాట్లాడు. ఆయనే మొదలుపెడతారు. మొదలుపెట్టాక మధ్యలో ఆపకు. పూర్తిగా నేను కూడా ఇంకా వినలేదు.

శనివారం కలుస్తాను,
నీ చెల్లెలు